ఢీకొట్టడానికే కట్టే కారు

డిమాలిషన్ డెర్బీ పందెంలో ముందుగా గీత దాటిన కారు గెలవదు. అసలు గీతే ఉండదు. మట్టి బరిలోకి పది పదిహేను పాత కార్లు దిగుతాయి, జెండా ఊపగానే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. చివరికి ఏ కారు తన ఇంజన్‌తో తాను కదలగలుగుతుందో దానిదే గెలుపు. అమెరికా పల్లెపట్టుల్లో వేసవి చివర జరిగే కౌంటీ ఫెయిర్లు మన తిరునాళ్ల లాంటివి. అక్కడ జనాన్ని బాగా లాగే అంశాల్లో ఇదొకటి. గ్యాలరీలో కూర్చుని చూసేవాడికి ఇది ఉత్త విధ్వంసం. షెడ్డులో చూసినవాడి లెక్క వేరు. అరగంటలో తుక్కయిపోయే ఆ బండి వెనక వారాల తరబడి వెల్డింగ్ పని ఉంటుంది. ఏ భాగం వంగాలి, ఎటు వంగాలి, ఏది మాత్రం చివరిదాకా వంగకూడదు అన్నది ముందే తేల్చుకుని కట్టిన బండి అది.

మన దేశంలో ఈ ఆట పాతుకోలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో తిరునాళ్లకు జనం గుమిగూడేది బండలాగుడు పోటీల చుట్టూ. ఒంగోలు జాతి ఎద్దులు ఇచ్చిన సమయంలో రాతిబండను ఎంత దూరం లాగాయన్నదే అక్కడి లెక్క. పళ్లను బట్టి వయసు తేల్చి, జతలను విభాగాలుగా దింపుతారు. యంత్రాల సరదా ఉన్నవాళ్లకు కొన్ని ఊళ్లలో ట్రాక్టర్ రివర్స్ పోటీలు ఉంటాయి. కార్లను పనిగట్టుకుని పగలగొట్టే ముచ్చట మాత్రం తెలుగువాళ్లకు సినిమా తెర మీదే తీరింది. అదీ ఎక్కువగా ఈ రాయలసీమ పేరు చెప్పి. తెర మీద పగిలిన ఆ టాటా సుమోల సంగతికి వచ్చేముందు అసలు డెర్బీని చూడాలి.

పుట్టుక

దీన్ని ఎవరు మొదలుపెట్టారన్న దానిపై ఒకే మాట లేదు. 1947లో కాలిఫోర్నియాలోని కారెల్ స్పీడ్‌వేలో డాన్ బసిలే జరిపించాడని ఒక కథనం. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని ఇస్లిప్ స్పీడ్‌వేలో 1958లో లారీ మెండెల్సన్ దీనికి రూపమిచ్చాడన్నది ఎక్కువమంది చెప్పే కథనం. మెండెల్సన్ స్వయంగా స్టాక్ కార్ రేసర్. జనం పందెం చూడటానికి కాక గుద్దుకోవడం చూడటానికే వస్తున్నారని గమనించాడట. అలాంటప్పుడు పందెం తీసేసి గుద్దుడే పెడితే సరి. తర్వాత ఏబీసీ టీవీ ‘వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్’ కార్యక్రమం ఇస్లిప్ పోటీలను ఇంటింటికీ చేర్చింది.

ఆ కాలపు అమెరికాలో ఈ ఆటకు కావలసిన ముడిసరుకు కుప్పలుగా ఉండేది. యుద్ధం తర్వాత డెట్రాయిట్ కంపెనీలు ఏటా కొత్త మోడళ్లు దింపేవి. పదేళ్లు దాటిన పెద్ద కారును కొనేవాడు ఉండేవాడు కాదు. దొడ్లో తుప్పు పట్టే బండిని చవగ్గా కొని, వారాంతంలో నాలుగు పనులు చేసి బరిలోకి తోలేవాళ్లు. తర్వాత సంగతి వేరు. 1955–57 షెవ్రోలే లాంటి మోడళ్ల ధర సేకర్తల సంతలో ఆకాశానికి చేరింది. వాటిని డెర్బీల్లో చితక్కొట్టినందుకు ఇప్పుడు విచారించేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఏ కారు పనికొస్తుంది

డెర్బీ మనుషులు ‘ఓల్డ్ ఐరన్’ అని ముద్దుగా పిలుచుకునేవి 1960, 70ల నాటి పెద్ద సెడాన్లు, స్టేషన్ వ్యాగన్లు. షెవ్రోలే ఇంపాలా, కాప్రీస్, ఓల్డ్స్‌మొబీల్, బ్యూక్, ఫోర్డ్ ఎల్‌టీడీ. వాటిలో 1971–76 మధ్య జనరల్ మోటార్స్ చేసిన వ్యాగన్లకు ప్రత్యేక గిరాకీ. రెండు టన్నులు దాటే బరువు, ముందు వీ8 ఇంజన్, వెనక చక్రాల తర్వాత ఇంకా బారెడు డిక్కీ. గుద్దేది వెనకభాగంతోనే కాబట్టి ఆ డిక్కీ పొడవే ఆయుధమూ, కవచమూ.

వీటన్నిటికంటే గట్టిదని పేరుపడింది క్రిస్లర్ ఇంపీరియల్, ముఖ్యంగా 1964–66 మోడళ్లు. బారు 19 అడుగులు. దాని ఛాసిస్ ఎంత మొండిదంటే ఎదురొచ్చిన బండ్లు నలిగిపోయేవి, ఇది మాత్రం తిరుగుతూనే ఉండేది. పోటీలో పోటీ లేకుండా పోతోందని చాలాచోట్ల నిర్వాహకులు ఇంపీరియల్‌ను నిషేధించారు. ఇప్పటికీ డెర్బీ నిబంధనల కాగితాల్లో ‘ఇంపీరియల్‌లు రానివ్వం’ అన్న ముక్క కనబడుతుంది. ఒక కారుకు ఇంతకంటే గొప్ప యోగ్యతాపత్రం ఎవరిస్తారు?

పాత ఇనుము అరుదైపోయాక ఆ చోటును ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, లింకన్ టౌన్ కార్ ఆక్రమించాయి. క్రౌన్ విక్టోరియా 2011 దాకా తయారైంది కాబట్టి పోలీసు బండ్లుగా, ట్యాక్సీలుగా అరిగిపోయినవి ఇంకా దొరుకుతున్నాయి. 2003లో దాని ఛాసిస్ ముందుభాగాన్ని, స్టీరింగ్‌ను మార్చేశారు. అందుకే నిర్వాహకులు 2003కు ముందు బండికి, తర్వాతి బండికి వేర్వేరు నియమాలు రాస్తారు.

వీటన్నిటిలో ఉన్న సామాన్య లక్షణం విడి ఛాసిస్. లారీకి ఉన్నట్టే కింద రెండు పొడుగాటి ఇనుప దూలాలు, వాటి మీద బోల్టులతో బిగించిన బాడీ. దెబ్బ బాడీకి తగిలి నలిగినా దూలాలు నిలిస్తే బండి నడుస్తుంది. మన రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన అంబాసిడర్ ఈ జాతిది కాదు. 1950ల నాటి మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన ఆ కారుకు బాడీయే ఛాసిస్. బరువు టన్నుకు కాస్త పైన. అలాగని తీసిపారేయలేం. బ్రిటన్‌లో దీనికి దగ్గరి క్రీడ బ్యాంగర్ రేసింగ్. అందులో గుద్దుకుంటూనే పరుగెత్తుతారు. ఆక్స్‌ఫర్డ్ తర్వాతి తరానికి చెందిన ఆస్టిన్ కేంబ్రిడ్జ్ లాంటి ‘ఫరీనా’ కార్లంటే అక్కడి బ్యాంగర్ రేసర్లకు ఎంత మోజంటే, ఆ కార్లు అక్కడ అరుదైపోవడానికి అదీ ఒక కారణమైంది. అంబాసిడర్ చుట్టాలు బరిలో గట్టిగానే నిలబడ్డాయన్నమాట.

విడి ఛాసిస్ మీద కట్టిన మన బండ్లలో ఒకటి టాటా సుమో. దాని సంగతి తర్వాత.

షెడ్డులో పని

డెర్బీ కారు తయారీ ఊడబీకడంతో మొదలవుతుంది. అద్దాలన్నీ తీసేస్తారు. పగలగొట్టి లోపలికి నెట్టేస్తే కుదరదు, తలుపుల సందుల్లో పడ్డ గాజుముక్కలతో సహా ఊడ్చి ఎత్తాలి. హెడ్‌లైట్లు, క్రోమ్ పట్టీలు, వెనక సీటు, కార్పెట్లు, పైకప్పు గుడ్డ, ఎయిర్‌బ్యాగులు, ప్లాస్టిక్ అన్నదేదీ మిగలదు. మండేదీ, గుచ్చుకునేదీ, ఊడి ఎగిరేదీ డ్రైవర్ దగ్గర ఉండకూడదన్నది సూత్రం.

తర్వాత పెట్రోలు ట్యాంకు. కారు కంపెనీ దాన్ని డిక్కీ కింద పెట్టింది, డెర్బీలో దెబ్బలన్నీ పడేది అక్కడే. పాత ట్యాంకు విప్పేసి, పడవలకు వాడే చిన్న ట్యాంకునో, రేసు ట్యాంకునో డ్రైవర్ సీటు వెనక పట్టీలతో బిగిస్తారు. పోసేది కొద్ది లీటర్లే. బ్యాటరీ కూడా బానెట్ కింద నుంచి లోపలికి వచ్చి పక్కసీటు కాళ్ల దగ్గర కూర్చుంటుంది. తీగలు తెగి నిప్పురవ్వలు రాకుండా దాని మీద రబ్బరు షీటు కప్పుతారు. ఎన్ని సడలింపులున్న పోటీలోనైనా ఈ రెండు మార్పులూ తప్పనిసరి.

తలుపులను గొలుసులతో కట్టేస్తారు, నియమాలు ఒప్పుకుంటే అంచుల వెంట వెల్డింగ్ చేసేస్తారు. డ్రైవర్ ఎక్కేది, దిగేది కిటికీలోంచే. డ్రైవర్ తలుపు మీద అదనంగా మందపాటి రేకు వేసి, లోపల స్పాంజి మెత్తలు పెడతారు. సీటు వెనక ఒక కమ్మీ, డ్యాష్‌బోర్డు చోట ఒకటి, రెండువైపులా తలుపుల పొడవున రెండు కలిపి పంజరంలా అల్లుతారు. బానెట్‌కు పెద్ద కన్నం కోస్తారు. మంట లేస్తే బానెట్ ఎత్తే తీరిక ఉండదు, ఆ కన్నంలోంచే ఆర్పాలి.

ఇంజన్ సంగతికొస్తే ఇక్కడి తెలివి చూడదగ్గది. రేడియేటర్లో కూలెంట్ పోయనివ్వరు, ఉత్త నీళ్లే. కారితే బరి జారుతుంది, పక్కవాడి కళ్లలో పడుతుంది. ఆ రేడియేటర్ కూడా పోటీ మధ్యలో పగలడం ఖాయం, ఆ తర్వాత పొగలు కక్కుతూ ఎంతసేపు తిరుగుతుందన్నది ఇంజన్ మొండితనం మీద ఆధారపడి ఉంటుంది. పాత ఇనుప వీ8లకు ఉన్న గౌరవం ఇందుకే. షెవ్రోలే వీ8లో మరో చిక్కుంది. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే దాని డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ వెనక, క్యాబిన్ గోడను ఆనుకుని ఉంటుంది. ముందు నుంచి గట్టి దెబ్బ పడితే ఇంజన్ ఓ అంగుళం వెనక్కి జరుగుతుంది, డిస్ట్రిబ్యూటర్ మూత గోడకు తగిలి పగులుతుంది, కారు ఆగిపోతుంది. ఎంత బలమైన బండైనా ఆ చిన్న బేకలైట్ మూత పగిలితే ఓడినట్టే. దాని చుట్టూ ఇనుప పంజరం కడతారు, లేదా ఎదురుగా ఉన్న గోడను గ్యాస్ కట్టింగ్‌తో కోసేస్తారు. సైలెన్సర్ గొట్టాలను కిందినుంచి తీసేసి నిట్టనిలువుగా బానెట్‌లోంచి పైకి లేపుతారు. కింద ఉంటే నలుగుతాయి, పైన ఉంటే మోత బాగుంటుంది. రెండో కారణాన్ని ఎవరూ బయటికి ఒప్పుకోరు.

వెనక ఇరుసు హౌసింగ్ విప్పి డిఫరెన్షియల్ లోపలి స్టార్ పినియన్లను వెల్డింగ్ చేసేస్తారు. మామూలు కారులో ఒక చక్రం బురదలో తిరిగితే రెండోది ఊరుకుంటుంది. వెల్డింగ్ చేశాక రెండూ కలిసి నెడతాయి. పెద్ద పోటీల్లో ఏకంగా చిన్న ట్రక్కు హౌసింగ్‌నే తెచ్చి బిగిస్తారు. వెనక నుంచి దెబ్బ తగిలితే ఇరుసు ముందుకు జరిగి ప్రొపెల్లర్ షాఫ్ట్ గేర్‌బాక్సులోకి గుచ్చుకోకుండా, ఒకదానిలోకి ఒకటి దూరే రెండు గొట్టాల షాఫ్ట్ వేస్తారు. టైర్లలో ట్యూబులు దూరుస్తారు, వాల్వు తెగిపోకుండా దాని చుట్టూ ఇనుప కప్పు వెల్డింగ్ చేస్తారు.

అసలు కీలకం ఛాసిస్ వెనకభాగంలో ఉంది. డిక్కీ కిందికి వంగితే దూలాలు చక్రాలను నొక్కేస్తాయి, బండి అక్కడే కూలబడుతుంది. పైకి వంగితే ఎంత నలిగినా చక్రాలు ఖాళీగా తిరుగుతాయి. అందుకని దూలం పైఅంచున, చక్రానికి వెనగ్గా, చిన్న గాటు పెడతారు. డిక్కీ మూతను ముందే సుత్తులతో కొట్టి మధ్యలోకి పల్లంగా దింపుతారు. దెబ్బ పడగానే వెనకభాగం తేలు తోకలా పైకి లేస్తుంది. ఎక్కడ గట్టిపరచాలో తెలిసినవాడు వెల్డర్, ఎక్కడ బలహీనపరచాలో కూడా తెలిసినవాడు డెర్బీ మేస్త్రీ.

ఇక్కడే దొంగతనాలూ జరుగుతాయి. కొన్ని విభాగాల్లో కారును దాదాపు కంపెనీ నుంచి వచ్చినట్టే తేవాలి, తీగ, గొలుసు తప్ప వెల్డింగ్ కూడదు. ఇంకొన్నిటిలో ఎంత ఇనుము అతికినా అడగరు. మొదటి రకంలో గెలవాలని దూలాల లోపల ఎవరికీ కనబడకుండా ప్లేట్లు దూర్చేవాళ్లు ఉంటారు. పరీక్షకులు డ్రిల్లుతో కన్నాలు పెట్టి, సన్నని గొట్టం కెమెరా లోపలికి పంపి చూస్తారు. మన బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు ఫిట్‌నెస్ పరీక్షకు ఇంత శ్రద్ధ పెట్టిన రోజు రోడ్లు బాగుపడతాయి.

బరిలో

బరికి చుట్టూ దుంగలో, కాంక్రీటు దిమ్మెలో అడ్డుపెట్టి, లోపల నీళ్లు కొట్టి బురద చేస్తారు. బురదలో వేగం అందదు, అందకూడదనే ఆ ఏర్పాటు. రెండు నియమాలు దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. ఎదుటి డ్రైవర్ తలుపు మీద గుద్దకూడదు. మూలన నక్కి కూర్చోకూడదు, సాధారణంగా నిమిషంలోపు ఎవరినో ఒకరిని గుద్ది తీరాలి. ప్రతి కారుకూ ఒక కర్ర కట్టి ఉంటుంది, ఓడాననుకున్నవాడు దాన్ని విరుస్తాడు. కర్ర విరిచిన బండిని మళ్లీ తాకకూడదు. ముందున్న రేడియేటర్‌ను కాపాడుకోవాలి కాబట్టి తెలిసినవాడు బరి అంతా రివర్స్ గేరులోనే తిరుగుతాడు, మెడ తిప్పి వెనక్కి చూస్తూ, ఎదుటివాడి ముందు చక్రానికి గురిపెట్టి.

పాత బండ్లు బరిలోనే కాదు, ప్రభుత్వం చేతిలోనూ పోయాయి. 2009లో అమెరికా ప్రభుత్వం పాత బండ్లు అప్పగిస్తే కొత్తవాటిపై రాయితీ ఇచ్చే పథకం పెట్టింది. దాదాపు 6 లక్షల 80 వేల వాహనాలు దానికింద వచ్చాయి. ఇంజన్లలో నూనె తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి, అవి బిగుసుకుపోయేదాకా నడిపించి చంపారు. డెర్బీ మనుషులు ఆ దృశ్యాన్ని ఎంత కోపంతో చూసి ఉంటారో ఊహించుకోవచ్చు.

సీమ పేరున సుమో

టాటా సుమో 1994లో వచ్చింది. టాటా మోటార్స్‌ను నిలబెట్టిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని అక్షరాలే దాని పేరు. మూడేళ్లలో లక్ష బండ్లు అమ్ముడయ్యాయి. పదిమంది ఎక్కొచ్చు, గతుకులకు జంకదు, ఏ ఊళ్లోనైనా బాగుచేస్తారు. కర్నూలు–నంద్యాల–ఆళ్లగడ్డ–కడప దారిలో పెళ్లిళ్లకూ, అహోబిలం యాత్రలకూ, ఎన్నికల ప్రచారానికీ అదే బండి. 2019లో తయారీ ఆగింది.

సినిమా దాన్ని వేరే పనికి వాడుకుంది. 1997లో ‘ప్రేమించుకుందాం రా’తో సీమ ముఠా కక్షల కథకు, అంటే ఫ్యాక్షన్ కథకు, దారి పడింది. 1999 సంక్రాంతికి వచ్చిన బి. గోపాల్ ‘సమరసింహారెడ్డి’, 2001 సంక్రాంతి ‘నరసింహనాయుడు’ ఆ దారిని హైవే చేశాయి. 2002లో వి.వి. వినాయక్ తొలి సినిమా ‘ఆది’, అదే ఏడు ఆయనదే ‘చెన్నకేశవరెడ్డి’ వచ్చాక సుమో గాల్లోకి లేవకపోతే ఫ్యాక్షన్ సినిమా కాదన్నంత పని జరిగింది. తెల్ల సుమోలు వరుసగా దుమ్ము రేపుతూ రావడం, పేలి పల్టీలు కొట్టడం తెరభాషలో భాగమయ్యాయి.

తెర మీద పగిలే బండికీ షెడ్డు పనే ప్రాణం. పని లక్ష్యం మాత్రం తలకిందులు. డెర్బీ కారు ఎన్ని దెబ్బలు తిన్నా నడవాలి. సినిమా కారు ఒక్క దెబ్బకే, కెమెరా చూస్తుండగా, చెప్పినచోట పడాలి. క్రేనుతోనో, పేలుడుతోనో లేపే బండి అయితే ఇంజన్, గేర్‌బాక్సు ముందే దింపేస్తారు. టన్నున్నర దాటే బండిలో బరువంతా ముందే ఉంటే మూతి కిందికేసి పడుతుంది, పల్టీ కొట్టదు. డ్రైవరుతో బోల్తా కొట్టించాలంటే లోపల ఇనుప పంజరం, నిండు ట్యాంకు బదులు కొద్దిపాటి పెట్రోలు, ఒక పక్క చక్రాలు ఎక్కడానికి దాచిన గొట్టపు వాలు ఏర్పాటు చేస్తారు. ఇంకో పద్ధతి ఫిరంగి. కారు నేలకు అమర్చిన గొట్టంలోంచి ఓ దిమ్మెను భూమి మీదికి పేల్చి తన్నిస్తే బండి తిరగబడుతుంది. 1974 హాలీవుడ్ సినిమా ‘మెక్‌క్యూ’లో హాల్ నీధమ్ దీన్ని మందుగుండుతో చేసి చూపించాడు. 2006 ‘కసీనో రాయల్’లో గాలి పీడనంతో ఆస్టన్ మార్టిన్ ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్ రికార్డుకెక్కింది, తోలింది స్టంట్ డ్రైవర్ ఆడమ్ కిర్లీ. దగ్గరి షాట్లకు ఒక మంచి బండి, పగలడానికి అదే రంగు వేసిన ఇంకో డొక్కు బండి ఉంటాయి. రెండో టేకు ఉండదు కాబట్టి కెమెరాలు మాత్రం నాలుగైదు పెడతారు.

పనితనాన్ని మెచ్చుకుంటూనే ఒక మాట అనాలి. ఆళ్లగడ్డ రాతిశిల్పుల ఊరు. అక్కడి ఉలులు చెక్కిన విగ్రహాలు ఎన్నో ఊళ్ల గుళ్లకు చేరాయి. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది, చుట్టూ నవనందుల ఆలయాలు, ఒకవైపు నల్లమల, మరోవైపు కేసీ కాలువ కింద వరి. ఈ ఊళ్ల పేరు చెబితే బయటివాళ్లకు ముందు సుమోలే గుర్తొచ్చేలా చేసింది సినిమా. ఇక్కడ ఫ్యాక్షన్ నిజంగానే ఉంది, ఇళ్లు కూలాయి. కానీ తెర మీద సుమోలు ఎగిరినంత సులువుగా ఎవరి బతుకూ ఎగరలేదు. సీమ రచయితలు దీని మీద చేసిన ఫిర్యాదు న్యాయమైనదే.

మనకు డెర్బీ ఎందుకు లేదు

కారణం సంస్కృతిలో కంటే లెక్కలో ఉంది. అమెరికాలో పాత పెద్ద కారుకు విలువ పడిపోయిన చోట డెర్బీ పుట్టింది. మనకు బండి విలువ చివరి బోల్టు దాకా ఉంటుంది. సుమో ముసలిదైతే చిన్న పల్లె మార్గానికి పోతుంది, అక్కడా అరిగితే ఇంజన్ ఒకరికి, హౌసింగ్ ఒకరికి, తలుపులు ఇంకొకరికి, మిగిలిన రేకు పాత ఇనుము కాటాకు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వేలమంది బతికేది ఈ విడదీత మీదే. నడిచే బండిని సరదాకి గుద్ది పాడుచేయడం ఇక్కడి మెకానిక్ చేతికి రాని పని.

చట్టమూ అడ్డే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన బండిని కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా మార్చకూడదు. ట్యాంకు చోటు మార్చడం, డిక్కీ కొట్టి వంచడం దాని కిందికే వస్తాయి. 2021 ఆగస్టులో ప్రారంభించిన తుక్కు విధానం పాత బండ్లను గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రాలకు పంపమంటోంది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి కొనసాగడం లేదు. సొంత కారుకైతే 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి ఆర్‌సీ పొడిగించుకోవచ్చు.

పాత సుమోనో, అంబాసిడర్‌నో కాటాకు వేయాలనుకుంటున్నవాళ్లకు ఒక మాట. బండి పూర్తిగా పనికిరాకుండా పోతే 14 రోజుల్లో ఆ సంగతి ఆర్టీవో కార్యాలయానికి తెలిపి ఆర్‌సీ అప్పగించాలని అదే చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. గుర్తింపు ఉన్న కేంద్రంలో ఇస్తే సర్టిఫికెట్ కూడా ఇస్తారు. అది అడిగి తీసుకున్నాకే బండిని వదలండి.